వాకిట్లో మట్టి మిగలాలంటే: టేపు పట్టిన రోజు నుంచి మాస్టర్ ప్లాన్ దాకా

31 ఏళ్లు మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేశాను. ఇంటి ప్లాన్ల మీద ఎర్ర సిరాతో సెట్‌బ్యాక్‌లు దిద్దడమే నా ఉద్యోగం. ముందు ఇంత, వెనక ఇంత, పక్కలకు ఇంత వదిలారా లేదా అని స్కేలు పెట్టి చూసేదాన్ని. వదిలిన జాగాలో ఏం పరుస్తారని ఒక్కరినీ అడగలేదు. అడగమని రూల్లో లేదు, నాకూ తోచలేదు.

రిటైరయ్యాక, ఓ జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన మర్నాడు, మా కాలనీ దిగువ చెరువులో చేపలు తెల్లగా పొట్టలు పైకి పెట్టి తేలాయి. చేపల సొసైటీ వాళ్లు వచ్చి కాలనీ గేటు దగ్గర గొడవ పెట్టుకున్నారు. మీ డ్రైనేజీ కలిపారని వాళ్లు, మాది అండర్‌గ్రౌండ్ లైను, చుక్క కూడా కలవదని మా ప్రెసిడెంటు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చెరువులోకి వెళ్లింది డ్రైనేజీ కాదు, మా గచ్చు వాకిళ్లను వాన కడిగిన నీళ్లు. అది అర్థం కావడానికి నాకు ఇంకో వాన పట్టింది. దాన్ని ఆపే పని మొదలుపెట్టి ఇది నాలుగో ఏడు.

మీ కాలనీలోనో, మీ వెంచర్లోనో, మీ మున్సిపాలిటీలోనో ఇంటి స్థలంలో ఎంత నేల మూయొచ్చన్న హద్దు పెట్టించాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ దెబ్బ తింటాం అన్నది నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు మీ ఇల్లు కొలవండి

పక్కింటి గచ్చు జోలికి వెళ్లే ముందు మీది కొలుచుకోండి. లేకపోతే మీటింగులో మొదటి ప్రశ్నకే నోరు మూతపడుతుంది. కావలసింది 100 అడుగుల టేపు, ఒక గళ్ల కాగితం, అటు చివర పట్టుకోవడానికి ఓ మనిషి. నాకు మా మనవడు పట్టాడు.

మా ప్లాటు 250 గజాలు. 45 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు, మొత్తం 2,250 చదరపు అడుగులు. ఇల్లు 33 × 36, అంటే 1,188. ముందు వాకిలి 45 × 8, వెనక 45 × 6, రెండు పక్కల సందులు ఒక్కోటి 36 × 6. ఇదంతా నేను స్వయంగా ప్లాన్ గీసుకుని, స్వయంగా సెట్‌బ్యాక్ వదిలి కట్టించుకున్న ఇల్లు. రూలు తప్పింది ఎక్కడా లేదు. మట్టి ఎంత అని చూస్తే తులసికోట చుట్టూ 3 × 3, ముందున్న కొబ్బరిచెట్టు పాదు 4 × 4. మొత్తం 25 చదరపు అడుగులు. మనవడు ఫోన్లో లెక్కేసి, ‘‘నానమ్మా, 98.9 శాతం మూసేశారు’’ అన్నాడు. వాడికి నవ్వు, నాకు సిగ్గు.

ఆ శాతం నీళ్లలోకి మార్చి చూసుకుంటే ఇంకా గట్టిగా తగులుతుంది. లెక్క తేలిక: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా ప్లాటు 209 చదరపు మీటర్లు. ఒక సాయంత్రం 5 సెంటీమీటర్లు కురిస్తే 10,450 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. ఏప్రిల్‌లో డబ్బిచ్చి తెప్పించుకునే రెండు ట్యాంకర్లనీ జూన్‌లో గేటు కింద నుంచి వీధిలోకి పంపుతున్నాం. మా కాలనీలో 140 ఇళ్లు. మిగతాది మీరే గుణించుకోండి.

మూడు సీసాలు

నీళ్లు ఎక్కువ పారడం ఒక సమస్య, మురికి పారడం ఇంకో సమస్య. వరద గురించి చెబితే ‘మా వీధి ఎత్తులో ఉంది’ అంటారు. మురికి కళ్ల ముందు పెడితే ఆ మాట రాదు. అందుకు నేను చేసిన పని చెబుతాను, ఇది ఎవరైనా చేయొచ్చు.

వానాకాలం మొదట్లో, కనీసం వారం పది రోజులు ఎండ కాసిన తర్వాత పడే వాన కోసం కాచుకోండి. మీ కాలనీ నీళ్లు నాలాలోకి పడే చోటికి గొడుగేసుకుని వెళ్లండి. మూత ఉన్న మూడు పారదర్శకమైన సీసాలు పట్టుకెళ్లండి. నీళ్లు పారడం మొదలవగానే ఒకటి, 20 నిమిషాలకు ఒకటి, 40 నిమిషాలకు ఒకటి నింపి, మూత మీద టైం రాయండి. నాలా అంచున జారకుండా, చెయ్యి ముంచకుండా పొడుగు కర్రకు మగ్గు కట్టుకోండి.

నా మొదటి సీసా కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. పైన నూనె పొర, వెలుతురుకు పెడితే రంగులు తిరుగుతోంది. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున వేలెడంత నల్లటి మడ్డి దిగింది. టైర్ల అరుగుదల, బ్రేకు దుమ్ము, బండి కారిన ఆయిలు, కుక్కల పెంట, కారు కడిగిన సబ్బు, చెత్తబండి దగ్గర కారిన రసం, అన్నీ కలిసిన మడ్డి అది. రెండో సీసా మజ్జిగ తేటలా. మూడోది దాదాపు తాగే నీళ్లలా ఉంది (తాగకండి). వారం పాటు టైల్స్ మీద పేరుకున్నదంతా మొదటి పావుగంటలోనే చెరువుకు చేరుతుంది. మట్టి వాకిలి అయితే ఆ మొదటి జల్లును తాగేస్తుంది, మడ్డి అక్కడే ఆగుతుంది. ఇంజనీర్లు చెప్పే వడపోత అంటే అంతే.

ఆ మూడు సీసాలూ నేను అసోసియేషన్ మీటింగులో టేబుల్ మీద వరసగా పెట్టాను. చాయ్ కప్పుల పక్కనే. అరగంట ఉపన్యాసం ఆదా అయింది.

అంకె ఎక్కడి నుంచి తేవాలి

‘ఎంత మూస్తే చెరువు పాడవుతుంది?’ అని అడుగుతారు. 1994లో టామ్ షూలర్ అనే అమెరికా నిపుణుడు అంతకు ముందు జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూసి ఒక మాట చెప్పాడు: ఒక వాగుకు నీళ్లిచ్చే పరీవాహక ప్రాంతంలో 10 శాతం నేల మూసుకుపోయేసరికే వాగు నాణ్యత దిగజారడం మొదలవుతుంది, 25 శాతం దాటితే బాగా దెబ్బతింటుంది. ఇది మొత్తం పరీవాహకానికి చెప్పిన అంకె, ఒక్కో ప్లాటుకు కాదు. ఈ తేడా మరిచిపోతే మీటింగులో మీరే ఇరుక్కుంటారు. 200 గజాల ప్లాటులో 10 శాతమే కట్టుకోమంటే ఎవరు కట్టుకుంటారు?

ప్లాటుకు హద్దు పెట్టొచ్చన్న సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. మా ఆడపడుచు కూతురు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటుంది. పెరట్లో సిమెంటు అరుగు వేసుకుందామని సిటీకి అప్లై చేస్తే, మీ స్థలంలో నీరు ఇంకని భాగం ఇప్పటికే 45 శాతానికి దగ్గరగా ఉంది, వేరే చోట అంత పగలగొడితేనే ఇక్కడ వేసుకోమన్నారట. ‘‘అత్తా, నా సొంత పెరట్లో బండ పరవడానికి వీళ్ల పర్మిషనేంటి!’’ అని ఫోన్లో ఒకటే గోల. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. అక్కడ ప్లాను మీద ఇంటి కప్పు, కారు దారి, నడక దారి, అన్నీ కలిపి నేల ఎంత మూశారో ఒక గడిలో రాయాలి. నేను 31 ఏళ్లు చూసిన ప్లాన్లలో ఆ గడి లేదు.

ఆ ఊళ్లో బార్టన్ స్ప్రింగ్స్ అని పెద్ద ఊట చెరువుంది, జనం ఈతకు వెళ్తారు. దాన్ని కాపాడాలని 1992లో ఓటర్లే ఓటేసి ఒక ఆర్డినెన్స్ (అక్కడ సిటీ చట్టాన్ని అలా అంటారు) తెచ్చుకున్నారు. ఊటకు నీళ్లు నేరుగా ఇంకే ప్రాంతంలో కొత్తగా కట్టేవాటికి 15 శాతం, దాని ఎగువన చోటును బట్టి 20, 25 శాతం మించి నేల మూయకూడదు. మామూలు ఇళ్ల జోన్‌లో ఉన్నది ఆ 45.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నమే లేదనుకోకండి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహకంలోని 84 గ్రామాలకు 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 90 శాతం భూమి వ్యవసాయం లాంటి పచ్చని వాడకానికే ఉండాలని, కట్టేది స్థలంలో సగం విస్తీర్ణానికి మించకూడదని, లేఅవుట్లలో 60 శాతం ఖాళీ స్థలాలకు, రోడ్లకు వదలాలని అందులో ఉంది. ఈ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో జీవో 69 రావడం, వివాదం కోర్టుకెక్కడం మీకు తెలిసిందే, ఆ రాజకీయం నాకొద్దు. నేను చూపించేది ఒక్క మాట: ‘ఖాళీ స్థలాలకు, రోడ్లకు’. రెండూ ఒకే గంపలో వేశారు. కాగితం మీద రోడ్డు కూడా ఖాళీ స్థలమే, కట్టడం లేదు కాబట్టి. వాన చినుక్కి మాత్రం తారు తారే. మీరు రాసే రూల్లో ఈ తప్పు పడకుండా చూసుకోండి.

ఇప్పుడున్న రూళ్లలో మీకు పనికొచ్చేవి

తెలంగాణలో ఇంటి అనుమతులకు మూలం ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168, తర్వాతి సవరణలతో. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వచ్చిన జీవో 119. చెరువుల పక్క వదలాల్సిన బఫర్ అందరికీ తెలిసిందే: జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. ఎవరికీ గుర్తులేనిది ఇంకోటుంది. 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటులో సెట్‌బ్యాక్ లోపలే ప్రహరీ వెంట మీటరు వెడల్పున మొక్కల పట్టీ వదలాలి. నేల గురించి మన రూల్లో నాకు కనిపించిన మంచి మాట అది. మా కాలనీలో అంత పెద్ద ప్లాట్లు 22 ఉంటే, పట్టీ ఉన్నవి మూడు. రూల్లో ఉన్నదాన్ని అడగడానికి కొత్త తీర్మానం అక్కర్లేదు, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇంకుడు గుంతలు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నుంచీ తప్పనిసరి. కానీ గుంత ఉందని నేలంతా మూసేయడం సరికాదు. ఇంకో జాగ్రత్త: కారు నిలిపే చోట కడిగిన నీళ్లు నేరుగా బోరు పక్క గుంతలోకి వదలకండి. పై మడ్డిని పైపేసి భూగర్భంలోకి పంపినట్టవుతుంది. టెర్రస్ నీళ్లు గుంతకు, వాకిలి నీళ్లు మొక్కల పాదులకు.

రూలు రాయడం

మొదటిసారి నేను రాసిన వాక్యం ఇది: ‘ప్రతి ఇంటివారూ వీలైనంత మేర మట్టి నేల వదలవలెను.’ చప్పట్లు కొట్టి తీర్మానం చేశారు. ఏడాది తిరిగేసరికి ఇంకో ఆరుగురు టైల్స్ వేయించారు. వాళ్లకు వీలు కాలేదు మరి.

రెండోసారి అంకె పెట్టాం, ‘టైల్స్, సిమెంటు గచ్చు’ అని రాశాం. మూలమలుపు ఇంటాయన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి చాప తెచ్చి గచ్చు మీద పరిచి, ‘‘చూడండి మేడమ్, 30 శాతం గ్రీనరీ’’ అన్నారు. ఇంకొకరు పేవర్ బ్లాకులు వేయించారు. సందుల్లోంచి నీళ్లు దిగుతాయని బ్రోషర్లో ఉంది. ఒక బ్లాకు లేపి చూస్తే కింద నాలుగంగుళాల కాంక్రీటు పడక. బండి బరువుకు కుంగకుండా మేస్త్రీ వేశాడట. పైన ఏముందన్నది కాదు, కింద ఏముందో రాయాలని అప్పుడు తెలిసింది.

మూడోసారి రాసింది ఇప్పటికీ నడుస్తోంది. మీకు కావాలంటే ఇలాగే ఎత్తి వాడుకోండి:

‘నీరు దిగని నేల అనగా: కప్పు కింద ఉన్న భాగం, సిమెంటు గచ్చు, టైల్స్, గ్రానైట్, షాబాద్, తాండూరు బండలు, తారు, కింద కాంక్రీటు గానీ ప్లాస్టిక్ షీటు గానీ ఉన్న పేవర్లు, గులకరాళ్లు, కృత్రిమ గడ్డి, సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలు. కింద కంకర, ఇసుక మాత్రమే ఉండి, సందుల్లో సిమెంటు పూయని పేవర్లకు సగం లెక్క. గేటు ముందు వీధి మీదకు దిగే ర్యాంపు కూడా ఆ ఇంటి లెక్కలోనే.’

ఆ తర్వాత అంకెలు. 100 గజాల లోపు ఇళ్లకు హద్దు లేదు, టెర్రస్ పైపు మూతి వీధిలోకి తెరవకూడదు, అంతే. 100 నుంచి 200 గజాల దాకా నీరు దిగని నేల 85 శాతం మించకూడదు. 200 నుంచి 400 దాకా 75. ఆపైన 65. ఇవి మా కాలనీకి మేం కూర్చుని పెట్టుకున్నవి, ఏ జీవోలోనూ లేవు. మీ నేలను బట్టి మార్చుకోండి. నేల ఎలాంటిదో తెలియాలంటే అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి ఒకసారి నీళ్లు నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో పుల్లతో కొలవండి. మాది ఎర్రమట్టి, కింద మొరం, గంటకు రెండంగుళాలు దిగింది. అర అంగుళం కూడా దిగకపోతే మీది నల్లరేగడి అయినా కావాలి, కంట్రాక్టరు పారబోసిన శిథిలాల మీద పరిచిన మట్టి అయినా కావాలి. అలాంటి చోట శాతంతో పాటు మట్టిని గచ్చు కంటే నాలుగంగుళాలు పల్లంగా ఉంచమని కూడా రాయండి. మా దగ్గర కొందరు మట్టి వదిలి, దాన్ని గట్టులా ఎత్తు చేసి, చుట్టూ ఇటుక అంచు కట్టారు. నీళ్లు మట్టి పక్క నుంచే వీధిలోకి పోతున్నాయి!

చిన్న ప్లాట్లను ఎందుకు వదిలేశారని అడుగుతారు. 60 గజాల్లో బతికేవాడి వాకిలి మీద కొలబద్ద పెట్టడం న్యాయం కాదు, దానివల్ల ఒరిగేదీ లేదు. పైగా ప్లాటు ప్లాటుకూ మరీ తక్కువ శాతం పెడితే ఇళ్లు విడివిడిగా ఊరవతలికి జరుగుతాయి, ఒక్కో ఇంటికి రోడ్డు పొడుగవుతుంది, చివరికి మూతపడే నేల పెరుగుతుంది. ఒకచోట దగ్గర దగ్గరగా కట్టి, పక్కన పెద్ద జాగా ముట్టకుండా వదలడం చెరువుకు ఎక్కువ మేలు. కొత్త వెంచర్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇదే అడగండి.

ఇంకా, రోడ్లు. 30 అడుగుల లేఅవుట్ రోడ్డులో బండ్లు నడవడానికి 18 అడుగులు చాలు. రెండు పక్కలా ఆరేసి అడుగులు మట్టి. సీసీ రోడ్డు శాంక్షన్ అయిందనగానే గోడ నుంచి గోడకు పోయించుకోవడం మనకో గౌరవం అయిపోయింది. ఎస్టిమేట్ వేసే ముందే అసోసియేషన్ లెటర్ ఇవ్వండి, పోశాక చేసేదేమీ ఉండదు. మా మూడో వీధికి ఇలాగే ఆపించాం, అక్కడ వేసిన కానుగ చెట్లు ఇప్పుడు నీడనిస్తున్నాయి.

ఒప్పించడం

మీటింగులో వినిపించే మాటలు ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే. ‘‘మట్టి ఉంటే పాములొస్తయ్ మేడమ్.’’ పాము వచ్చేది చెత్తకు, ఎలుకలకు, గడ్డి మోకాలెత్తు పెరిగితే. ‘‘దోమలు?’’ నీళ్లు ఇంకే మట్టిలో దోమ గుడ్డు పెట్టదు, మీ టెర్రస్ మీద పాత కూలర్లో పెడుతుంది. ‘‘గోడలకు చెమ్మ ఎక్కుతది.’’ ఇది నిజమైన భయం, కొట్టిపారేయకండి. గోడ చుట్టూ రెండడుగులు గచ్చు బయటికి వాలుగా ఉంచి, ఆ అవతల మట్టి వదలండి. ‘‘పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేసేదెట్ల అక్కా?’’ అని మా వెనకింటి కోడలు అడిగింది. మట్టి వాకిట్లో సాంపి చల్లి ముగ్గేసిన రోజులు తన అత్తగారికి బాగా గుర్తే, ఆవిడే జవాబు చెప్పింది, నేను నోరు మెదపలేదు.

అందరికంటే గట్టిగా పనిచేసింది మా ఇంటి పని. ఇద్దరు కూలీలు, రెండు రోజులు. వెనక సందు, ఒక పక్క సందు, ముందు వాకిలి పగలగొట్టించాను. గోడ చుట్టూ రెండడుగులు, కారు చక్రాలకు రెండు రెండడుగుల పట్టీలు, గేటు నుంచి గుమ్మానికి నాలుగడుగుల దారి, మూలన సంపు మూత మిగిల్చాను. తేలిన మట్టి 546 చదరపు అడుగులు. అంటే మూసింది 75.7 శాతం. హద్దు 75! రూలు రాసిందాని ఇల్లే 17 చదరపు అడుగులు తక్కువ. రెండో పక్క సందులో ఇంకో 6 × 3 ముక్క పగలగొట్టించాల్సి వచ్చింది. ఆ సాయంత్రం ప్రెసిడెంటు గారే టేపు పట్టుకుని వచ్చి కొలిచారు, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారు. నాకు కాస్త రోషమొచ్చిన మాట నిజమే కానీ, తర్వాతి నెలలో 11 ఇళ్లు పగలగొట్టించుకున్నాయి.

కాగితం మీదకు

అసోసియేషన్ తీర్మానానికి చట్టబలం తక్కువ. ఒప్పుకున్నవాళ్లనే కట్టేస్తుంది. అందుకని దాన్ని మూడు చోట్ల నాటాలి.

కొత్త లేఅవుట్ అయితే బిల్డరుతో మాట్లాడి సేల్ డీడ్ షరతుల్లోనే నేల శాతం రాయించండి. ప్లాటు అమ్ముడయ్యాక ఎవరూ వినరు. రెండోది, మీ వార్డు ప్రతినిధి ద్వారా కౌన్సిల్ ముందు ఒకే ఒక్క కోరిక పెట్టండి: ప్లాను దరఖాస్తులో ‘నీరు దిగని నేల, చదరపు మీటర్లు, శాతం’ అని ఒక గడి. హద్దు తర్వాత సంగతి. ముందు గడి పడితే ఆర్కిటెక్టు లెక్క వేయక తప్పదు, లెక్క వేస్తే ఇంటాయన కళ్లబడుతుంది. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి. ముందుగా ఎవరూ వచ్చి చూడని చోట దరఖాస్తులో ఉన్న గడికే విలువ.

మూడోది, అసలైనది, మాస్టర్ ప్లాన్. ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు అందులోనే ఉంటాయి. డ్రాఫ్టు ప్రకటించి అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. నేను ఆ కాగితాలు అందుకున్న టేబుల్‌కి ఇటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి లోగుట్టు చెబుతాను. 140 సంతకాలతో ఒక లెటరిస్తే రిజిస్టర్లో అది ఒక్కటే అభ్యంతరం. 140 మంది విడివిడిగా ఇస్తే 140. అందరూ ఒకే జిరాక్సు ఇవ్వకుండా తమ ప్లాటు నంబరు, తమ కొలత రాయాలి. ‘పర్యావరణాన్ని కాపాడాలి’ అని రాస్తే ‘నోటెడ్’ అని పక్కన పెడతారు, నేనూ పెట్టాను. ‘ఫలానా సర్వే నంబర్ల నివాస జోన్ నిబంధనలో ఫలానా క్లాజు తర్వాత ఈ వాక్యం చేర్చాలి’ అని వాక్యంతో సహా ఇస్తే ఎవరో ఒకరు దానికి జవాబు రాయాల్సి వస్తుంది. ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర తీసుకోకుండా కౌంటర్ వదలకండి. ఒక మున్సిపాలిటీలో మేమిచ్చిన మొదటి విడత కాగితాలు ఏమయ్యాయో ఇప్పటికీ ఆచూకీ లేదు, నంబరు తీసుకోకపోవడం మా తప్పే. రెండో విడతకు గడువు చివరి రోజున ఆటోలో పరుగెత్తాం.

తర్వాత చూసుకోవడం

చెరువు పక్క గోడ లేస్తే ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఆక్రమణలు కూల్చే హైడ్రా కంట పడుతుందేమో, వాకిట్లో టైల్ పడితే ఎవరి కంటా పడదు. గృహప్రవేశం ముందు వారంలోనే ఎక్కువ గచ్చులు పడతాయి. కాబట్టి కొత్త ఇంటికి స్లాబు పడినప్పుడు ఒకసారి, గృహప్రవేశానికి నెల ముందు ఒకసారి, ఏడాదికి ఒకసారి చూడండి. మేం కట్టేవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకుని, ఏడాది తర్వాత కొలిచి తిరిగిస్తున్నాం. ఇంతవరకు ఒక్కరిదే ఆపాం.

కొలతకు వెళ్లేటప్పుడు టేపుతో పాటు ఒక బకెట్ తీసుకెళ్తాం. పేవర్లయినా, గులకరాళ్లయినా, గడ్డయినా వాటి మీద బకెట్ నీళ్లు ఒకేచోట పోసి రెండు నిమిషాలు చూస్తాం. అక్కడే ఇంకితే సరే. గేటు వైపు పాకితే ఒక రాయి లేపి కింద చూస్తాం. ప్లాస్టిక్ గడ్డి చాప ఇంటాయన మొదటి ఏడాది మాతో మాట్లాడలేదు, ఇప్పుడు కొలత కమిటీలో ఆయనే బకెట్ మోస్తున్నారు. ఎవరి ఇంట్లో చాప ఉన్నా దూరం నుంచే పసిగడతారు.